గోడవార బస్తాలు

సేంద్రియ కాఫీ తనిఖీ చేసేదాన్నని చెబితే ఎదుటివాళ్ళు ముందు అడిగేది రుచి గురించే. "మామూలు కాఫీ కన్నా బాగుంటుందాండీ?" ఉండవచ్చు, ఉండకపోనూవచ్చు. మేము రుచి చూడం. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను తాగింది బెంజ్ సర్కిల్ బస్టాపు దగ్గర దొరికే టీ. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ముందుగా వదిలించుకోవలసిన భ్రమ ఇది. సర్టిఫికెట్ ఇచ్చేది గింజ నడిచి వచ్చిన దారికి. గింజను చూస్తే ఏమీ తెలియదు. తెలిస్తే మనల్నెందుకు పిలుస్తారు?

ఆ దారి ఏజెన్సీ కొండల్లో, రైతు తన తోటలో రసాయన ఎరువూ పురుగుమందూ ఆపేసిన రోజున మొదలవుతుంది. కాఫీ ఏళ్ళ తరబడి నిలిచే చెట్టు కాబట్టి అక్కణ్ణుంచి మూడేళ్ళు ఆగాలి. ఆ మూడేళ్ళూ పడే శ్రమ సేంద్రియం, అమ్ముకునేది మామూలు సరుకుగానే. రెండెకరాల రైతు ఒక్కడే ఈ తతంగం మోయలేడు. అందుకని కొన్ని ఊళ్ళు కలిసి సంఘం పెట్టుకుంటాయి. ఊరికొక మనిషి పొరుగువాళ్ళ తోటలు తిరిగి చూసి రాస్తాడు. ఆ రాతల్నీ, మధ్యలో ఎంచుకున్న కొన్ని తోటల్నీ మేం వెళ్ళి సరిచూస్తాం. తర్వాత పొట్టు తీసే మిల్లు, గింజలేరే బల్లలు, గోదాము. ప్రతి బస్తా మీదా రైతు నంబరు ఉంటుంది. ఈ దారిలో ఎక్కడ మందు తగిలినా ఆ బస్తా అక్కడికక్కడ మామూలు కాఫీ అయిపోతుంది. రైతు తప్పు ఉందా లేదా అని దారి అడగదు.

ఇంకొకటి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎలాగూ మీకు ఎవరో ఒకరు చెబుతారు. మనకు జీతం వచ్చేది మనం తనిఖీ చేసేవాళ్ళు కట్టే ఫీజులోంచి. దీని గురించి నేను ఆఫీసులో చాలాసార్లు పోట్లాడాను. నెగ్గలేదు. వేరే పద్ధతి చెప్పమంటే నాకూ తెలియలేదు.

మా ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పక్క మేడ మీద ఉండేది. నేను పటమట నుంచి వచ్చేదాన్ని. నా వంతుకు పడిన వాటిలో కంకిపాడు దాటాక కాలవ పక్కనున్న ఒక యూనిట్ ఉండేది. ఒకప్పుడు రైసుమిల్లు. వడ్లు పెద్ద మిల్లులకు పోవడం మొదలయ్యాక ఓనరుగారు పాత యంత్రాలు పీకించి కాఫీ పొట్టు తీసేవి పెట్టించారు. కొండల కాఫీ ఈ మాగాణిలోకి ఎందుకొస్తుందని అడగకండి. పెద్ద షెడ్డు ఇక్కడుంది, ఏరే చేతులు ఇక్కడున్నాయి, అంతే.

ఆ చేతుల మీద పెత్తనం ఒకావిడది. అందరూ మేస్త్రమ్మ అనేవారు. సముద్రం వైపు ఊరు, చేపలు పట్టే కుటుంబం. పెళ్ళికి ముందు నుంచీ రొయ్యల షెడ్డులో సైజుల వారీగా రొయ్యలేరిన మనిషి. కాఫీ గింజల్లో పుచ్చు గింజనీ, నల్ల గింజనీ, విరిగినదాన్నీ చూపు తిప్పకుండా వేలితో పక్కకి నెట్టేసేది. ఆవిడ కింద పద్దెనిమిది మంది ఆడవాళ్ళు. సేంద్రియం అంటే ఏమిటో ఓనరుగారు ఆవిడకి ఒక్క ముక్కలో చెప్పారు: మందు కొట్టకూడదు. ఆవిడ దాన్ని శాసనం చేసుకుంది. షెడ్డులో దోమల బత్తీ వెలిగించనిచ్చేది కాదు. ఒకమ్మాయి పేలకి మందు రాసుకుని వస్తే తలంటుకుని రమ్మని ఇంటికి తోలేసింది. మూడేళ్ళు వరుసగా నేను తనిఖీకి వెళ్ళి, ఫారంలో ఉన్న ప్రశ్న ఉన్నట్టుగా అడిగేదాన్ని. "పురుగుమందులేమైనా వాడతారా?" ఆవిడ చెంపలు వేసుకున్నంత పని చేసేది. "నేనుండగానా! మందు వాసనొస్తే నేను లోపలికే రానియ్యనండీ."

మూడేళ్ళూ "లేదు" అని రాసుకున్నాను.

నాలుగో ఏడు వెళ్ళింది ఆషాఢంలో. ముందు రోజు రాత్రి బాగా కురిసింది. ఆ ఏడు షెడ్డులో ఉన్న సరుకు కొండల్లోని ఒక కొత్త సంఘానిది. మూడేళ్ళ గడువు ముగించుకుని, సేంద్రియం అని పేరు పెట్టుకుని అమ్ముకోబోతున్న మొదటి పంట. నా తనిఖీ అయి, పైన కమిటీ సరేనంటే ఆ సరుకు లారీ ఎక్కుతుంది. ఎక్కకపోతే ఆ సంఘంలోని రైతులు ఇంకో ఏడు ఉండరని అందరికీ తెలుసు. మూడేళ్ళు నమ్మించడం కష్టం, నాలుగో ఏట నమ్మకం పోగొట్టడం చాలా తేలిక.

షెడ్డు గుమ్మంలో ఎప్పటిలాగే ముగ్గు ఉంది. సిమెంటు గచ్చు మీద, పదమూడు చుక్కల మెలికల ముగ్గు. మేస్త్రమ్మ రోజూ పొద్దున్నే తానే వేసేది. నేను ప్రతిసారీ తొక్కకుండా పక్కనుంచి వెళ్ళేదాన్ని. ఒక ఏడాది రిపోర్టులో "ఆవరణ శుభ్రంగా, చక్కగా ఉంది" అని కూడా రాశాను.

ఆ రోజు చెప్పులు విప్పుతూ వంగాను. వానకి పుట్టలు మునిగి ఎర్రచీమలు బారులు తీరి గచ్చెక్కుతున్నాయి. ముగ్గు దాకా వచ్చి ఆగుతున్నాయి. కొన్ని వెనక్కి తిరుగుతున్నాయి. గీత దాటిన నాలుగైదు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాయి.

ముగ్గు చీమలకి తిండి అని మనందరికీ చిన్నప్పుడు చెప్పారు. ఇప్పుడెవరూ బియ్యప్పిండితో వెయ్యడం లేదు, రాతిపొడే, ఆ సంగతీ నాకు తెలుసు. రాతిపొడి చీమలకి కడుపు నింపదు. అంతేగాని చంపదు కదా.

"ఏమ్మా, దేంతో వేశావు ముగ్గు?" అన్నాను, ఎదురొచ్చిన మేస్త్రమ్మతో.

"చాక్‌పీసండీ."

"ఏ చాక్‌పీసు?"

"చీమల చాక్‌పీసు. బస్సుల్లో అమ్ముతారు గదండీ, రెండేసి కట్టి. మా ఆడాళ్ళ కారియర్లకి చీమలు పట్టి చచ్చిపోతన్నాం. మందు కొట్టకూడదంటిరి. అందుకని నా డబ్బుల్తో నేనే కొనుక్కొస్తన్నా. ఓనరుగార్ని అడగలా."

చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో కొంచెం గర్వం ఉంది. మెచ్చుకుంటానని ఎదురుచూసింది.

ఆ చాక్‌పీసు నిండా సింథటిక్ పురుగుమందు ఉంటుంది. సుద్దలో కలిపి కర్రలా పోస్తారు. ఆవిడ లెక్కలో మందంటే డబ్బాలో ఉండేది, పిచికారీ చేసేది, వాసనొచ్చేది. ఇది బడిలో మాస్టారు రాసే వస్తువు. ఆ పొరపాటుని నేను వెక్కిరించను. నాకు డిగ్రీ ఉంది, మూడేళ్ళు నేనూ దాన్ని సుద్దముగ్గనే అనుకున్నాను.

గుమ్మంలో ముగ్గు ఒక్కటే అయితే ఒక హెచ్చరిక రాసి బయటపడవచ్చు. ఇంకో ప్రశ్న అడక్కుండా లోపలికి వెళ్ళిపోవాలని నాకు గట్టిగా అనిపించిందని ఒప్పుకుంటున్నాను. ఆ ప్రశ్న అడగడానికే మనకి జీతం.

"ఇంకెక్కడైనా గీశావా?"

"అన్నిచోట్లా గీశానండీ, రండి చూపిస్తా!"

చూపించింది. ఏరుడు బల్లల కాళ్ళ చుట్టూ వలయాలు. కారియర్లు పెట్టుకునే అరుగు చుట్టూ గీత. అన్నిటికన్నా పొడుగైనది షెడ్డు తూర్పు గోడ వెంట, బస్తాల దొంతర వెనక, ఈ చివర నుంచి ఆ చివర దాకా. దొంతరకీ గోడకీ మధ్య నిబంధన ప్రకారం మనిషి నడిచేంత జాగా వదిలారు. ఆ జాగాలోనే ఆవిడ రోజూ నిన్నటి గీతని చీపురుతో ఊడ్చి కొత్త గీత గీసేది. ఊడ్చిన దుమ్ము ఎటు పోతుంది? కింది వరస బస్తాల గోనె మీద తెల్లగా పొడి కనిపిస్తోంది. వేలితో రాస్తే అంటింది.

నేను ఫొటోలు తీశాను. నేల దుమ్ము, బల్లల మీది గింజలు, గోడవార కింది వరస బస్తాల్లోంచి కొన్ని, దొంతర మధ్యలోంచి కొన్ని, విడివిడిగా కవర్లలో పోసి మూతి అంటించాను. మేస్త్రమ్మ నా చేతుల వంక చూస్తూ నిలబడింది. కాసేపటికి, "ఇది గూడా మందేనాండీ?" అంది.

"మందేనమ్మా."

ఆవిడ బొడ్లో ఉన్న చాక్‌పీసు ముక్క తీసి బల్ల మీద పెట్టింది. దాన్నీ ఒక కవరులో వేసుకున్నాను.

సాయంత్రం ఓనరుగారి గదిలో రిపోర్టు చదివి వినిపించాలి, ఆయన సంతకం పెట్టాలి. ఆయన విన్నాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ముగ్గు మీద కేసు పెడతారాండీ మేడమ్‌గారూ? బయట చెప్పుకుంటే నవ్వుతారు."

"నవ్వనివ్వండి. ముగ్గు మీద కాదు, ముగ్గు వేసిన దాని మీద."

"మూడేళ్ళ నుంచి మీరు దాన్ని దాటుకుంటానే లోపలికొచ్చారు గదా? అప్పుడు లేనిది ఇప్పుడెట్టా వచ్చింది?"

ఈ మాట ఆయన అంటారని నాకు తెలుసు.

"అప్పుడూ ఉంది. నేను అడగలేదు. అదీ రాశాను, రెండో పేజీలో చూడండి."

ఆయన చూశారు. నిజంగానే రాసి ఉంది. కోపం వేరే దారి పట్టింది. "రేపే దాన్ని పనిలోంచి తీసేస్తా. తెలివితక్కువ ముండ, నా కొంప ముంచింది."

"తీసేయండి. మళ్ళీ వచ్చినప్పుడు, మందంటే ఏమిటో ఈ షెడ్డులో తెలిసిన ఒకే ఒక్క మనిషిని తీసేశారని ఇంకో తప్పు రాస్తాను. ఇవాళ్టి నుంచి ఆవిడకి తెలిసినంత మీకు కూడా తెలియదు. ఆవిడకి ఒక్క ముక్క చెప్పి వదిలేసింది ఎవరు?"

ఆయన సంతకం పెట్టారు. కాగితం కొంచెం చిరిగింది.

మా మేనేజరు నెమ్మదైన మనిషి, గొడవలంటే గిట్టదు. గవర్నర్‌పేట మేడ మీద రిపోర్టు రెండుసార్లు చదివి నన్ను పిలిచారు.

"మిగతాదంతా సరే మేడమ్. ఈ రెండో పేజీ ఎందుకు? గత తనిఖీల్లో మీరు అడగలేదని మీరే రాసుకున్నారు. మిమ్మల్ని ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు కాబట్టే ఇంతదాకా వచ్చింది సార్."

"మనకి గుర్తింపు ఇచ్చే పైవాళ్ళు మన సంస్థ మొత్తాన్నీ తిరగేసి చూస్తారు దీంతో."

"చూడాల్సిందే కదా."

ఆయన నిట్టూర్చి రిపోర్టుని కమిటీకి పంపించేశారు, రెండో పేజీతో సహా. దానికి ఆయన్ని ఇప్పటికీ గౌరవిస్తాను. తనిఖీ చేసేవాళ్ళు వేరు, నిర్ణయించేవాళ్ళు వేరు. నేను చూసింది రాస్తాను, సర్టిఫికెట్ ఇవ్వాలా వద్దా అన్నది కమిటీ తేలుస్తుంది. ఈ ఏర్పాటు మంచిదే. చెడ్డ నిర్ణయానికి మనం బాధ్యులం కామని రాత్రి నిద్రపోవచ్చు, మంచి నిర్ణయానికి మనమే కారణమని పగలు చెప్పుకోవచ్చు.

ల్యాబు ఫలితం మూడు వారాలకి వచ్చింది. నేల దుమ్ములో మందుంది. బల్లల మీది గింజల్లో లేదు. దొంతర మధ్యలో లేదు. గోడవార కింది వరస బస్తాల్లో కొద్దిగా ఉంది. తాగితే ఎవరికీ ఏమీ కానంత కొద్ది, సేంద్రియం అనడానికి వీల్లేనంత ఎక్కువ. కమిటీ ఆ వరసలోని ఇరవై ఆరు బస్తాలూ మామూలు సరుకు కింద వేరు చెయ్యమంది. షెడ్డు కడిగించి, మళ్ళీ తనిఖీ అయ్యాక మిగతాది వదలమంది. న్యాయమైన తీర్పు. నేనైనా అదే ఇచ్చేదాన్ని.

తర్వాత బస్తాల మీది రైతు నంబర్లు చూశాను. ఇరవై ఆరూ ఒకే ఊరివి, తొమ్మిది కుటుంబాలవి. కారణం వెతకడానికి పెద్దగా కష్టపడనక్కర్లేదు. సంఘంలో అందరికన్నా ముందు పండ్లు కోసి, సరిగ్గా ఆరబెట్టి, మొదటి లారీకి అందించినవాళ్ళు వాళ్ళు. మొదట వచ్చిన బస్తాలు మొదట గోడవారకి చేరాయి. ఆలస్యం చేసినవాళ్ళవి వాటి మీదా, ముందూ పడ్డాయి. బద్ధకస్తులవి భద్రంగా ఉన్నాయి.

కడిగించిన షెడ్డు చూడడానికి మళ్ళీ వెళ్ళిన రోజున ఆ ఊరి నుంచి ఒకాయన వచ్చి ఉన్నాడు. రాత్రంతా రైల్లో కూర్చుని, విజయవాడలో దిగి, అడుగుతూ అడుగుతూ మిల్లు పట్టుకున్నాడట. నలభై లోపు వయసు, జేబులో పెన్ను. ఓనరుగారు కుర్చీ వేసినా కూర్చోకుండా తూర్పు గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇప్పుడక్కడ తడి నేల తప్ప ఏమీ లేదు.

"మీరేనాండి రాసింది?" అన్నాడు నన్ను చూసి.

"నేనే."

"మా ఊరి తోటలు చూసి రాసేది నేనండి. మా బావ ఒకపాలి మిరప నారుకి మందెట్టాడని ఆయన్నే ఒక ఏడు పక్కనెట్టీసినాను. ఇంట్లో మాటలు లేవు. ఇప్పుడు మా ఊరి బస్తాలే తప్పాయంటే, నేనే ఏదో దొంగరాత రాసీసినానంటన్నారు. మా ఊరిలో ఏటి తప్పు జరిగిందండి?"

"మీ ఊళ్ళో ఏ తప్పూ జరగలేదు. తప్పు ఇక్కడ, ఈ గోడ దగ్గర జరిగింది." మొత్తం చెప్పాను, చీమల సంగతితో సహా.

"చీమలకా!" అన్నాడు. "మా చెట్ల మీద పండు కోస్తన్నప్పుడు చీమలు మెడకాయంతా కుట్టేస్తాయండి. మా ఆడోళ్ళు ఏడుస్తా కోస్తారు. మందెయ్యలేదు. ఇక్కడ అన్నం డబ్బాకి చీమలెక్కినాయనా?"

బల్లల దగ్గర ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. మేస్త్రమ్మ లేచి నిలబడింది, దగ్గరికి మాత్రం రాలేదు.

"సరే, పోయింది పోయింది," అన్నాడాయన. "ఒకటి చెప్పండి. మల్లీ మూడేళ్ళు ఆగాలా మేము? మావోళ్ళదే అడగమన్నారు. ఆగాలంటే ఇంక ఎవడూ ఉండడు. నేనూ అడగలేను."

"అక్కర్లేదు. మందు తగిలింది తోటలో కాదు. మీ తోటలకేమీ కాలేదు. వచ్చే పంట యథాప్రకారం సేంద్రియమే."

"కాగితం మీద రాసివ్వండి."

ఓనరుగారు అడ్డొచ్చారు. "మేడమ్‌గారికి ఆ పవరు ఉండదయ్యా. ఆఫీసుకెళ్ళి అర్జీ పెట్టుకో."

"నోటిమాట నేనెల్లి చెప్తే నమ్మరండి," అన్నాడాయన నాతోనే. "మాటలు నమ్మొద్దు, రాతే నమ్మాలని ట్రైనింగులో మీవోళ్ళే చెప్పినారు."

చెప్పాం. ఆ ట్రైనింగులో ఆ పాఠం ఉంటుంది. నా నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చించి, బల్ల మీద పెట్టుకుని రాశాను. ఫలానా బస్తాలకు మందు ఈ షెడ్డులో తగిలిందని, ఆ ఊరి రైతుల వల్ల ఏ లోపమూ జరగలేదని, వాళ్ళ తోటల గడువు మళ్ళీ మొదలు పెట్టనక్కర్లేదని. కింద సంతకం చేసి తేదీ వేశాను. ఆయన నిలబడి మొత్తం పైకి చదివాడు, షెడ్డులో అందరికీ వినబడేలా.

"సీలేదండి?"

"సీలు ఆఫీసులో ఉంటుంది. నా దగ్గర ఉండదు."

ఆయన నా సంతకం మీద వేలు పెట్టాడు. "మా ఫారంలో రెండు సంతకాలుంటాయండి. చూసినోడిదీ, తోట గలోడిదీ. ఒక్కటే ఉంటే చెల్లదు. ఇక్కడ గీసినావిడెవరు?"

"నేనే బాబూ," అంది మేస్త్రమ్మ.

"సంతకం పెడతావా?"

ఓనరుగారు గట్టిగా కేకేశారు. "ఏయ్, నువ్వేం సంతకాలు పెట్టబాక! రేపు ఎవడైనా కోర్టుకెళ్తే నా మెడకి చుట్టుకుంటది."

"గీసింది నేను గదా బాబుగారూ," అంది ఆవిడ, చేతులు కొంగుకి తుడుచుకుంటూ. "పేరు మాత్రం ఇంకోళ్ళదెట్టా పెడతారు?"

పెన్ను ఆయన జేబులోదే ఇచ్చాడు. ఆవిడ బల్ల మీదికి వంగి, ఒక్కొక్క అక్షరం దిద్దుకుంటూ ఇంటిపేరుతో సహా రాసింది. అంతసేపూ పద్దెనిమిది మందిలో ఒక్కరూ గింజ కదపలేదు. ఆయన కాగితం ఊది ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి, పెన్ను పక్కనే జేబులో పెట్టుకున్నాడు. బస్సు టైమెప్పుడని అడిగాడు.

ఆ కాగితం చెల్లదని మా మేనేజరు మర్నాడు నాకు వివరంగా చెప్పారు. అధికార పరిధి, ప్రోటోకాలు, అన్నీ. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా తప్పు లేదు. నేను వాదించలేదు, నా ఉద్యోగంలో అదొక వింత. ఆ తర్వాత నాకు ఆ మిల్లు తనిఖీ ఇవ్వలేదు. అదీ సరైనదే. నాలుగేళ్ళు ఒకే గుమ్మం దాటిన మనిషి కళ్ళు అలవాటు పడిపోతాయి. మీరు వెళ్ళే యూనిట్లలో ఫారంలోని ప్రశ్న పూర్తయ్యాక ఇంకొకటి అడగండి: "చీమలొస్తే ఏం చేస్తారు?" బొద్దింకలొస్తే, ఎలకలొస్తే అని కూడా. మందు వాడతారా అంటే అందరూ లేదనే అంటారు, నిజాయితీగానే.

మరుసటి ఏడు ఆ సంఘం రైతుల జాబితా వేరే తనిఖీదారు బల్ల మీదికి వచ్చింది. ఆయన టీకి కిందికి వెళ్ళినప్పుడు తీసి చూశాను. నాకు సంబంధం లేని ఫైలు, చూడకూడదు. ఆ ఊరి పేరు దగ్గర వేలు పెట్టి లెక్కపెట్టాను. తొమ్మిది కుటుంబాలూ ఉన్నాయి. పదోది కొత్తగా చేరింది. తోటలు చూసినవారు అన్న చోట అదే మనిషి సంతకం.

ఫైలు మూసి, ఉన్నచోటే పెట్టేశాను.